పదహారేళ్ళ కూతురి ఫోను చెప్పకుండా తీసి చదివాను: తప్పా, బాధ్యతా?

అంగడి నాయన | ఆదివారం, రాత్రి 11.40

తిరుపతిలో బైకుల స్పేర్ పార్ట్స్ అంగడి నడుపుతున్నాను. మా అమ్మాయికి పదహారు నిండాయి. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని ఫోను కొనిచ్చింది నేనే. దసరా తరువాత మనిషి మారిపోయింది. అన్నం తినేటప్పుడు మాట లేదు, గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, నేను అటువైపు వెళితే ఫోను బోర్లా పెడుతుంది.

మొన్న గురువారం రాత్రి తను నిద్రపోయాక, ఛార్జింగ్‌లో ఉన్న ఫోను తీశాను. తెరవడానికి పెద్ద విద్య అవసరం రాలేదు. అద్దాన్ని లైటుకు అడ్డంగా పెడితే వేలు గీసిన జాడ కనిపిస్తుంది. అరగంట చదివాను.

భయపడినదేదీ లేదు. ప్రేమ వ్యవహారం లేదు, పందేల ఆటలు లేవు, ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరూ లేరు. ఆ ఊరట అయిదు నిమిషాలే నిలిచింది. అప్పటి నుంచి అమ్మాయి మొహం చూడలేకపోతున్నాను. ‘మనం కొన్న ఫోను మనం చూస్తే తప్పేముంది’ అంటుంది నా భార్య. మా బావమరిది ఇంకో అడుగు ముందుకు వేశాడు. పిల్లల ఫోనుకు వచ్చే ప్రతి సందేశమూ మన ఫోనులో కనిపించే యాప్ ఉందట, వేసిపెడతానంటున్నాడు. వేయించమంటారా? చూసిన సంగతి తనకు చెప్పాలా, కడుపులో పెట్టుకోవాలా? ఓదార్పు మాటలు వద్దు. అనిపించింది అనండి.

తాతయ్యగుంట వాసి | ఆదివారం, రాత్రి 11.58

అన్నా, ఇందులో చర్చకు ఏముంది? రాత్రి పదకొండు గంటలకు ఎవడో తలుపు తట్టి ‘మీ పిల్లతో మాట్లాడాలి’ అంటే లోపలికి రానిస్తామా? ఆ ఫోనులో నుంచి ఊళ్ళోవాళ్ళంతా నేరుగా పిల్ల మంచం దగ్గరికే వస్తున్నారు. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రవాడు క్రికెట్ పందేలలో పడి వాళ్ళమ్మ గొలుసు కుదువ పెట్టాడు. రసీదు దొరికాక ఇంటిల్లిపాదీ ఏడ్చారు. అంతకుముందు ఏడాది పాటు ‘వాడి ఫోను మనకెందుకు’ అన్నవాళ్ళు కూడా వాళ్ళే. మొక్కై వంగనిది మానై వంగునా?

నాకు ఇద్దరు మగపిల్లలు. ఇద్దరి పాస్‌వర్డులూ నా దగ్గర ఉంటాయి, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. ఏ గొడవా లేదు. యాప్ వేయించండి, కంటినిండా నిద్రపోండి.

నైట్ డ్యూటీ | సోమవారం, అర్ధరాత్రి 12.10

‘ఆ సంగతి వాళ్ళకూ తెలుసు’ అన్నారు చూడండి అన్నా, తేడా అంతా అక్కడే ఉంది. మీరు చెప్పి చూస్తున్నారు. ఆయన పిల్ల నిద్రపోయాక చూశారు. వార్డులో గంట కొట్టారు, మళ్ళీ వస్తాను.

చివరి బెంచీ | సోమవారం, అర్ధరాత్రి 12.31

నాకు పందొమ్మిదేళ్ళు. ఇక్కడ అందరికన్నా చిన్నవాణ్ణి నేనే కావచ్చు, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

మా నాయన ప్రతి శనివారం నా ఫోను తనిఖీ చేసేవారు. అందుకే నాకు ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలు ఉండేవి. ఒకదాంట్లో స్వామివారి ఫొటోలు, క్రికెట్, మా కాలేజీ ప్రకటనలు. అది నాయన కోసం. రెండోది నా కోసం. పైకి కాలిక్యులేటర్ బొమ్మ ఉండి లోపల ఫొటోలు దాచుకునే యాప్ ఒకటి ఉంటుంది. ఇంటర్‌లో మా సెక్షన్ సగం మంది దగ్గర అది ఉండేది. తనిఖీలు లేని ఇళ్ళ పిల్లలకు దాని పేరు కూడా తెలియదు.

రెండో సంవత్సరంలో ఒకడు నా మొహాన్ని ఏదో అసభ్య చిత్రానికి అతికించి, డబ్బు పంపకపోతే కాలేజీ అంతా పంచుతానని బెదిరించాడు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. అయిదో రోజు శనివారం. మా నాయన ఫోను తీసుకుని, స్వామివారి ఖాతా అంతా చూసి, ‘మంచిది’ అని నా చేతికి తిరిగి ఇచ్చారు. ఎదురుగానే కూర్చున్నారు. నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఆయన అడిగే మొదటి ప్రశ్న ‘ఈ రెండో ఖాతా ఎప్పటి నుంచి ఉంది’ అనేదే అవుతుందని తెలుసు. చివరికి పుత్తూరులో ఉన్న మా మేనమామకు చెప్పాను. మామ తిట్టలేదు. పైసా కూడా పంపవద్దన్నాడు, వచ్చిన సందేశాలేవీ చెరపకుండా దాచమన్నాడు, పక్కన కూర్చుని సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాడు.

మా నాయనకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. తనిఖీ చేయడంలో ఆయన ఒక్క శనివారం కూడా తప్పలేదు.

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 6.15

ఇలాంటి బెదిరింపు ఎవరికైనా ఎదురైతే: డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోను చేయండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల విషయమైతే 1098 కూడా ఉంది. చర్చ కొనసాగించండి. అమ్మాయి పెంపకాన్ని తప్పుపడుతూ ఒకరు రాసిన వ్యాఖ్యను తీసేశాను.

పాకాల మాస్టారు | సోమవారం, ఉదయం 6.40

అయిదేళ్ళ దాకా లాలన, ఆ పైన పదేళ్ళు దండన, పదహారు వచ్చాక కొడుకును స్నేహితుడిలా చూడమని శ్లోకం ఒకటి ఉంది. అందులో దండన పాదాన్ని నేను ముప్పై ఏళ్ళు బడిలో శ్రద్ధగా పాటించాను. పదహారు పాదం దాకా రాలేదు, పదో తరగతి అవగానే పిల్లలు వెళ్ళిపోయేవారు కదా! ఇప్పుడు బడిలో కొట్టడం చట్టరీత్యా కూడా నిషేధం, విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. రావలసిందే. దాని గురించి ఇంకోసారి.

నేను చెప్పదలచింది వేరు. 1994లో పదో తరగతి పిల్లవాడి లెక్కల నోటుపుస్తకంలో మడతపెట్టిన కాగితం దొరికింది. ప్రేమలేఖే అనుకున్నాను. బుద్ధి వస్తుందని తరగతిలో అందరి ముందూ విప్పి చదివాను. అది కువైట్‌లో ఉన్న తండ్రికి రాసుకున్న ఉత్తరం. వడ్డీకి ఇచ్చినవాడు ఇంటి మీదికి వచ్చి కూర్చున్న సంగతి, అవ్వ మంచం పట్టిన సంగతి ఉన్నాయి. రెండు వాక్యాలు పైకి చదివాక నా గొంతు ఆగిపోయింది. కాగితం మడిచి ఇచ్చాను. పిల్లవాడు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. మార్చి పరీక్షల దాకా నన్ను ఒక్క సందేహం కూడా అడగలేదు. లెక్కల్లో తరగతి మొత్తానికి మొదటివాడు వాడు. అంతకుముందు రోజుకు నాలుగు సందేహాలు తెచ్చేవాడు.

నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు: చూడటం తప్పు. చూసి ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. చెప్పు.

తాతయ్యగుంట వాసి | సోమవారం, ఉదయం 9.05

మాస్టారూ, నమస్కారం. మీరు ఉత్తరాల కాలంలో ఉన్నారు. ఉత్తరం పోస్టుమాన్ చేతి మీదుగా వచ్చేది, ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసేది. ఇప్పుడు వచ్చేది ఎవరికీ కనిపించదు.

చట్టం కూడా నా వైపే ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే. వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇవ్వవలసింది నేనైతే, చూడవలసింది ఎవరు?

కొర్లగుంట కోడలు | సోమవారం, ఉదయం 10.20

ఒక్క ప్రశ్న. ఇంటర్ చదివే కొడుకైతే అర్ధరాత్రి లేచి ఫోను తీసేవారా? మా తమ్ముడికి పదిహేనేళ్ళకే ఫోను ఇచ్చారు. నాకు పెళ్ళి కుదిరిన వారంలో ఇచ్చారు, పెళ్ళికొడుకు మాట్లాడతాడని!

పుస్తకాల పురుగు | సోమవారం, మధ్యాహ్నం 1.15

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. పెద్ద పోస్టు ఇది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

ముందు చట్టం సంగతి. తాతయ్యగుంట అన్న చెప్పినంతవరకు నిజమే. కానీ ఆ నిబంధన కట్టడి చేసేది కంపెనీలను. పిల్లల వెంటపడి వాళ్ళ ప్రవర్తనను గమనించవద్దని, వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు చూపవద్దని అదే చట్టం వాటికి చెబుతుంది. ఇంట్లో తండ్రి ఏం చేయవచ్చో అందులో లేదు. అంటే మన తగాదాను అది తీర్చదు.

ఇక అసలు విషయం. పిల్లలు ఎక్కడికి వెళుతున్నారో, ఎవరితో ఉన్నారో, డబ్బు దేనికి ఖర్చు పెడుతున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువగా దారి తప్పుతారని ఎన్నో పరిశోధనల్లో కనిపించింది. దాన్ని పట్టుకుని ‘కాబట్టి కాపలా కాయండి’ అని అందరూ సలహా ఇస్తూ వచ్చారు. హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు 2000లో ఒక చిన్న ప్రశ్న వేశారు: సరే, ఆ తల్లిదండ్రులకు అవన్నీ ఎలా తెలిశాయి? స్వీడన్‌లో పద్నాలుగేళ్ళ పిల్లలు 703 మందిని, వాళ్ళ తల్లిదండ్రులను అడిగారు. అడిగి తెలుసుకున్నారా, నియమాలు పెట్టి అదుపులో ఉంచడం వల్ల తెలిసిందా, పిల్లలే వచ్చి చెప్పారా అని విడదీసి చూశారు. అన్నింటికన్నా ఎక్కువగా తెలిసింది పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల.

నాకు ఇది మొదటిసారి చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ‘నా కూతురి సంగతి నాకు తెలియనిది లేదు’ అని పక్కింటివాళ్ళతో గొప్పగా చెప్పేది. నిజమే, తెలియనిది లేదు. సాయంత్రం వంటగది గడప మీద కూర్చుని నేను వాగుతుంటే ఆవిడ బియ్యం ఏరుతూ ఊ కొట్టేది. ఒక్కసారి కూడా చేట పక్కన పెట్టి ‘ఏమన్నావు, మళ్ళీ చెప్పు’ అనలేదు. అని ఉంటే ఆ మర్నాటి నుంచి నేను గడప దగ్గరికి వచ్చేదాన్ని కాను.

2013లో నెదర్లాండ్స్‌లో వచ్చిన మరో పరిశోధన అంగడి అన్న ప్రశ్నకు ఇంకా దగ్గరిది. తల్లిదండ్రులు తమ సొంత విషయాల్లో తొంగిచూస్తున్నారని అనిపించిన పిల్లలు మరింత దాచడం మొదలుపెట్టారు. కాలం గడిచేకొద్దీ ఆ తల్లిదండ్రులకు తెలిసేది తగ్గింది. చివరి బెంచీ తమ్ముడు రాసిన శనివారాల కథ అదే కదా! ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇవి మందు ఇచ్చి చూసే ప్రయోగాల వంటివి కావు. పిల్లలు దాస్తున్నారు కాబట్టే పెద్దలు తొంగిచూశారేమో అనే వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం.

తాతయ్యగుంట వాసి | సోమవారం, మధ్యాహ్నం 2.02

అమ్మా, బాగా రాశావు. కానీ స్వీడన్ పిల్లలు వేరు, మన పిల్లలు వేరు. అక్కడ పద్దెనిమిదేళ్ళు రాగానే మూట సర్దుకుని వెళ్ళిపోతారు. మన పిల్లలు పెళ్ళయ్యేదాకా మన కంచంలోనే తింటారు, తరువాత కూడా పండగకు పండగకు వస్తారు. ఆ కొలబద్ద ఇక్కడ పనికిరాదు.

పుస్తకాల పురుగు | సోమవారం, మధ్యాహ్నం 3.30

మీ మాటలో బలం ఉంది అన్నా. మీ వాదనే 1994లో రూత్ చావో అనే పరిశోధకురాలు చైనా మూలాలున్న అమెరికా కుటుంబాల గురించి చేశారు. అంతకుముందు 1960లలో డయానా బౌమ్‌రిండ్ అనే ఆవిడ పెంపకాన్ని మూడు తీరులుగా విడదీశారు: ‘నేను చెప్పాను కాబట్టి చెయ్యి’ అనేది ఒకటి, ‘నీ ఇష్టం’ అని వదిలేసేది ఒకటి, గట్టిగా ఉంటూనే కారణం చెప్పి పిల్లల మాట కూడా వినేది ఒకటి. నాలుగోది, అసలు పట్టించుకోకపోవడం, 1983లో చేరింది. మూడో తీరు ఇళ్ళలో పిల్లలు బాగా ఎదుగుతారని చెప్పడం మామూలైపోయింది. చావో అన్నదేమిటంటే, బయటివాళ్ళకు మొదటి తీరులా కనిపించేది ఆ ఇళ్ళలో పిల్లలకు శిక్షణగా, తమ కోసం పడే తపనగా అర్థమవుతుంది, కాబట్టి ఆ డబ్బాలు అక్కడ సరిగ్గా ఇమడవు అని.

అయితే దాన్నిబట్టి చూసినా, గట్టితనాన్ని పిల్ల ఏమని అర్థం చేసుకుంటోంది అన్నదే తూకం. మీ అబ్బాయిలకు ముందే చెప్పారు, ఎందుకో కూడా చెప్పే ఉంటారు. కాబట్టి మిమ్మల్ని మూడో డబ్బాలో వేయవచ్చు, మీకు ఇష్టం లేకపోయినా! నిద్రపోతున్న పిల్ల ఫోను తీయడాన్ని మాత్రం ఏ ఊళ్ళోనూ శిక్షణ అనలేం. జుడిత్ స్మెటానా పరిశోధనల్లో ఇంకో సంగతి ఉంది. భద్రత విషయంలో, తప్పొప్పుల విషయంలో పెద్దల మాటకు అధికారం ఉందని కౌమారంలోని పిల్లలు కూడా ఒప్పుకుంటారు. స్నేహాలు, బట్టలు, డైరీలు వంటి సొంత విషయాల దగ్గర గీత గీస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ గీత మన వైపు జరుగుతుంది. ఫోనుతో చిక్కు ఇక్కడే. ముక్కూ మొహం తెలియని మోసగాడూ, పిల్ల డైరీ రెండూ ఒకే అద్దం వెనుక ఉన్నాయి.

ఏర్పేడు | సోమవారం, సాయంత్రం 4.10

ఇంత చర్చ అనవసరం. జుడిత్ రిచ్ హారిస్ అనే మనస్తత్వశాస్త్ర రచయిత్రి 1995లోనే వాదించారు, పిల్లల వ్యక్తిత్వాన్ని తీర్చేది తల్లిదండ్రుల కన్నా తోటి పిల్లల గుంపు అని. జన్యువులు సరే సరి. మనమే మలుస్తున్నామనుకోవడం మన అహంకారం.

పాకాల మాస్టారు | సోమవారం, సాయంత్రం 5.00

మరి ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలో, ఏ కాలేజీలో చేర్చాలో, ఏ హాస్టల్‌లో పడేయాలో నిర్ణయించి ఆ గుంపును చేతికి ఇచ్చింది ఎవరయ్యా?

తోతాపురి | సోమవారం, రాత్రి 8.45

మాది దామలచెరువు దగ్గర పల్లె. మామిడి తోట. ఈ చర్చ చదువుతుంటే నవ్వు వచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో వ్యవహారం తలకిందులు. మంచి ఫోను ఒక్కటే ఉంది, నాదే అంటారు, ఉండేది మా పాప చేతిలో. నాకు వచ్చే సందేశాలన్నీ తనే చదువుతుంది. మండీవాళ్ళు ఎంత వేశారో నాకన్నా ముందు తనకు తెలుస్తుంది. వాయిదా దాటిందని బ్యాంకు పెట్టిన సందేశం కూడా తనే చదివి, వాళ్ళమ్మకు చెప్పకుండా నాకు చూపించింది. నా గుట్టు గురించి కూడా ఎవరైనా ఒక చర్చ పెట్టండి.

సరే, పిల్లలు ఎలా తయారవుతారు అన్నదానికి నాకు తెలిసింది ఒకటే. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయింది కదా. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలు ఇస్తే ప్రభుత్వం నాలుగు కలుపుతుందన్నారు, మొత్తం పన్నెండు. ఆ ఎనిమిది కోసం ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో రెండు రాత్రులు పడుకున్నాను. మా వాడు పద్నాలుగేళ్ళవాడు, తోడుగా వచ్చాడు. రెండో రోజు ఎండకు అడుగు కాయ మెత్తబడి ట్రాలీ కింద రసం కారుతోంది, ఈగలు. అప్పుడు వెనుక నుంచి ఒకడు బండి దూర్చి మా ముందుకు పోయాడు. నేను సీటు కింద కర్ర తీశాను. మా వాడు నా చెయ్యి పట్టుకుని, ‘నాయనా, మన ముందు ఇంకా నలభై బండ్లున్నాయి, వీడిని కొడితే ముప్పై తొమ్మిది అవుతాయా’ అన్నాడు. వాడి లెక్క విని కోపం పోయింది.

ఇంటికి వచ్చాక వాళ్ళమ్మకు ప్రయాణం గురించి చెబుతున్నాడు. ధర సంగతి చెప్పలేదు. రెండు రాత్రులు దోమలతో పడుకున్న సంగతీ చెప్పలేదు. ‘నాయన కర్ర తీశాడమ్మా’ అని అదొక్కటే చెప్పాడు. ఇప్పుడు సీటు కింద కర్ర పెట్టుకోవడం లేదు.

నైట్ డ్యూటీ | సోమవారం, రాత్రి 9.30

అంగడి అన్నా, ఆసుపత్రిలో నర్సును, ఇంట్లో పదిహేనేళ్ళ కొడుకుకు తల్లిని. రెండు మాటలు చెబుతాను.

మొదటిది, చదవడం కన్నా ముందు ఆ ఫోను రాత్రిపూట తన గదిలో ఎందుకుందో చూడండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఆ వయసులో నిద్ర వచ్చే వేళే వెనక్కి జరుగుతుంది, అది వాళ్ళ శరీర ధర్మం, బద్ధకం కాదు. పైగా మన కాలేజీలు తెల్లవారకముందే స్టడీ అవర్ పెడతాయి. మధ్యలో ఫోను. మా ఇంట్లో రాత్రి పది గంటలకు ఫోనులన్నీ వంటగదిలో బియ్యం డబ్బా మీదికి వెళతాయి. నాది కూడా. ఈ ‘నాది కూడా’ అనేదే కష్టమైంది. మొదటివారం నేనే రెండుసార్లు లేచి వెళ్ళాను, మా వాడు చూసి దగ్గాడు. ఆసుపత్రి నుంచి అత్యవసరంగా ఫోను వస్తుందని సాకు చెప్పబోతే, పాత బటన్ల ఫోను వెతికి తెచ్చి సిమ్ము మార్చి ఇచ్చాడు. ఇప్పుడు ఎవరి ఫోనూ ఎవరూ చదవరు, ఫోను మాత్రం పడుకుంటుంది.

రెండోది ముఖ్యం. ‘దసరా తరువాత మారింది’ అని రాశారు. యాప్ గురించి అందరం పోట్లాడుకుంటున్నాం, ఆ ముక్క దగ్గర ఎవరూ ఆగలేదు. దసరాకు ఏం జరిగింది? తిండి, నిద్ర, పాత స్నేహితులు, మూడూ ఒకేసారి రెండు వారాలకు మించి తప్పిపోతే ఊరికే వయసు అనుకోకూడదు. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు, టెలీ మానస్ అంటారు. పిల్లే చేయాలని లేదు, మీరూ చేయవచ్చు.

ఇంకొకటి అడగాలా వద్దా అనుకుంటూ అడుగుతున్నాను. భయపడినదేదీ కనిపించలేదన్నారు. మరి మొహం ఎందుకు చూడలేకపోతున్నారు?

చివరి బెంచీ | సోమవారం, రాత్రి 9.41

నేనూ అదే అడగాలనుకున్నాను.

పుస్తకాల పురుగు | సోమవారం, రాత్రి 10.05

తమ్ముడూ, నీ మేనమామ గురించి ఒక ముక్క. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు వంటి కష్టాలు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో తరచుగా కనిపించిన సంగతుల్లో ఒకటి, నమ్మకంగా వెళ్ళి చెప్పుకోగల పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కరలేదు, తాతో అవ్వో మాస్టారో కావచ్చు. నీకు పుత్తూరులో ఉన్నాడు. అంగడి అన్న కూతురికి ఎవరున్నారో ఆయన ఆలోచించాలి.

అంగడి నాయన | సోమవారం, రాత్రి 11.55

నైట్ డ్యూటీ అక్కా, మీరు అడిగింది పొద్దుటి నుంచి నేనే రాయాలనుకుని రెండుసార్లు చెరిపాను.

మా అమ్మాయి తన స్నేహితురాలికి రాసింది ఇది, అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది: ‘మా నాయన అంగడికి వచ్చేవాళ్ళతో ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో చూశావా? పది రకాలు తీయించి ఏమీ కొనకపోయినా విసుక్కోడు. నేను కూడా ఒకసారి క్లచ్ వైరు కొనడానికి వెళ్ళాలి.’ దాని కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టింది.

దసరా సంగతి కూడా చెబుతాను. ఆయుధ పూజ నాడు అంగడిలో గుమ్మడికాయ కొట్టి, మెకానిక్కులందరికీ ప్రసాదం పెడుతున్నాం. అమ్మాయి కూడా వచ్చింది. ఎవరో ‘కాలేజీలో ర్యాంకు ఎంతమ్మా’ అన్నారు. తను చెప్పింది. నేను అందరి ముందూ అరిచాను. ‘ఇంత ఫీజు కట్టి, ఫోను కొనిచ్చి, ఇదా’ అన్నాను. తను పొంగలి ప్లేటు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం నాటికి నేను మరిచిపోయాను. దసరా తరువాత మారిందని మీ అందరికీ రాసినప్పుడు కూడా నాకు గుర్తు రాలేదు, నమ్మండి. అక్క అడిగాకే గుర్తొచ్చింది.

కొర్లగుంట కోడలు | మంగళవారం, ఉదయం 7.10

అన్నా, నిన్న కటువుగా రాశాను. ప్రశ్న అలాగే ఉంచుతున్నాను, గొంతు తగ్గిస్తున్నాను.

తాతయ్యగుంట వాసి | మంగళవారం, ఉదయం 8.20

రాత్రి చదివాను. మా పెద్దవాడు నిద్రపోతుంటే కాసేపు చూశాను, వాడి ఫోను కాదు, వాడిని.

నా మాట మార్చుకోను. పదహారేళ్ళ పిల్లల ఫోను పెద్దవాళ్ళకు తెలిసి ఉండాలి, అది మన పని. అయితే చెప్పి, పగటిపూట, పక్కన కూర్చోబెట్టుకుని. యాప్ వేయించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చివరి బెంచీ, నువ్వు మీ నాయనకు ఆ సంగతి ఎప్పటికైనా చెప్పరా. ఆయనకు తెలియాలి. ఆయన శనివారాలు ఏమైపోయాయో ఆయనకు తెలియకపోతే ఎలా?

చివరి బెంచీ | మంగళవారం, ఉదయం 8.52

చెబుతాను అన్నా. ముందు మామను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాను.

పాకాల మాస్టారు | మంగళవారం, ఉదయం 9.15

అంగడి నాయనా, చెప్పేటప్పుడు ‘నీ మంచి కోసమే చూశాను’ అనే మాట నోట రానివ్వకు. అది క్షమాపణలా ఉండదు, ఇంకో తనిఖీలా ఉంటుంది.

అంగడి నాయన | పది రోజుల తరువాత, శుక్రవారం, రాత్రి 9.20

ఏమైందో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

ఆ బుధవారమే చెప్పాను. మాస్టారు చెప్పినట్టే రెండు వాక్యాలు చెప్పి ఆగాను: నీ ఫోను చూశాను, ఆయుధ పూజ నాడు తప్పు చేశాను. వాళ్ళమ్మ వంటగదిలో గరిటె ఆపింది. అమ్మాయి ‘ఏం చదివావు’ అంది. క్లచ్ వైరు దాకా చదివానన్నాను. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు ఫోనుకు ప్యాటర్న్ తీసేసి అంకెలు పెట్టుకుంది. అద్దం తుడిచి మరీ పెట్టింది. వారం రోజులు నాతో మాటల్లేవు, వాళ్ళమ్మ ద్వారా అవసరమైనవి మాత్రం అడిగేది. బావమరిదికి యాప్ వద్దని చెప్పేశాను, మెతకవాడినన్నాడు. బియ్యం డబ్బా పద్ధతి మొదలుపెట్టాం. నేను, నా భార్య పెడుతున్నాం. అమ్మాయి ఇంకా పెట్టడం లేదు, అడగలేదు కూడా.

ఈ రోజు సాయంత్రం అంగడిలో రద్దీగా ఉంది. నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనుక కాలేజీ సంచీతో అమ్మాయి కనిపించింది. ఇంట్లో ఏదో జరిగిందనుకుని గాభరాగా పిలవబోయాను. తను చెయ్యి చూపించింది, ఆగమని. తన వంతు వచ్చేదాకా నిలబడింది. తరువాత కౌంటరుకు అటువైపు వచ్చి ‘క్లచ్ వైరు ఉందా సార్?’ అంది.

మా ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటీ. దానికి క్లచ్ వైరు ఉండదు.

‘ఏ బండికమ్మా?’ అని అడిగి, ఉన్న రకాలన్నీ ఒక్కొక్కటే తీసి కౌంటరు మీద పెట్టాను.